ఓడ విహారయాత్ర: టిక్కెట్టు కొనే ముందు ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన విషయాలు

ఇంట్లో ఒకరు ఓడ ఎక్కుతున్నారంటే ఒకప్పుడు గంజాం, శ్రీకాకుళం పల్లెలలో కన్నీళ్ళతో సాగనంపేవారు. గోపాల్‌పూర్, కళింగపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవుల నుండి స్టీమరెక్కి 'రంగం' వెళ్ళడమంటే అక్కడి బియ్యపు మిల్లులలోనో రేవు కూలీగానో కొన్నేళ్ళు కష్టపడి ఇంటికి డబ్బు పంపడమే. రంగమంటే నేటి మయన్మార్‌లోని యాంగోన్ నగరం. 1942లో జపాను సేనలు బర్మాలో ప్రవేశించినప్పుడు ఓడ దొరకని వారెందరో కాలినడకన అడవులు దాటి ఇల్లు చేరారు. ఆ కథలు ఇంకా చెప్పుకునే ఇళ్ళలోనే ఇప్పుడు బెంగుళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేస్తున్న కొడుకో కూతురో "నాన్నగారి షష్టిపూర్తికి ఓడ టిక్కెట్లు తీశాము" అని ఫోను చేస్తున్నారు. వినడానికి ముచ్చటైన మాటే. కానీ ఆ టిక్కెట్టులో ఏమున్నది, ఏమి లేదు అన్నది తెలియక రేవు దగ్గర ఇబ్బంది పడే కుటుంబాలూ ఉన్నవి.

విహార నౌక అంటే ఏమిటి?

ఒక ఊరి నుండి మరొక ఊరికి మనుషులను చేర్చే ఓడ వేరు, విహార నౌక వేరు. విహార నౌకలో ఓడే ఊరు. భోజనశాలలు, ఈత కొలను, నాటకశాల, దుకాణాలు, పిల్లల ఆటగదులు అన్నీ అందులోనే ఉంటాయి. సాధారణంగా రాత్రివేళ ప్రయాణించి పగలు ఏదో ఒక రేవులో ఆగుతుంది. రెండు రాత్రుల చిన్న యాత్రలలో ఏ రేవులోనూ ఆగకుండా సముద్రంలో తిరిగి బయలుదేరిన చోటికే చేరడమూ కద్దు. ఈ సంగతి తెలియక "ఏ ఊరు చూపించకుండానే తీసుకొచ్చేశారు" అని నొచ్చుకునేవారు ఉన్నారు. ప్రకటనలో 'సముద్రంలో విహారం' అని మాత్రమే ఉంటే దిగే ఊరు లేదని అర్థం.

మన తూర్పు తీరంలో ఈ యాత్రల ప్రస్తావన వచ్చినప్పుడు ఎక్కువగా వినబడే పేరు కార్డీలియా సంస్థ నడిపిన 'ఎంప్రెస్' నౌక. ఇది 1990లో 'నార్డిక్ ఎంప్రెస్' అన్న పేరుతో మొదలై, చాలాకాలం అమెరికా తీరాలలో తిరిగి, 2021 సెప్టెంబరులో ముంబయి నుండి భారతీయ యాత్రలు ప్రారంభించింది. పొడవు సుమారు 210 మీటర్లు, అంతస్తులు 11, స్థూల టన్నేజి 48,000కు పైన. ఇక్కడ టన్నేజి అన్నది బరువు కాదు, ఓడ లోపలి ఖాళీ ఎంతో తెలిపే కొలత. 'ఇన్నివేల టన్నుల బరువు' అని రాయడం పొరపాటు. టైటానిక్ టన్నేజి సుమారు 46,000. కనుక ఈ ఓడ దానికంటె కొంచెం పెద్దదే. అయినా నేటి ప్రపంచపు లెక్కలో ఇది చిన్న నౌక కిందే జమ. 2024 జనవరిలో అమెరికాలోని మయామి నుండి తొలి యాత్రకు బయలుదేరిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' టన్నేజి 2,48,000 పైమాట.

ఎంప్రెస్ 2022 జూన్ 4న చెన్నైలో ప్రారంభోత్సవం జరుపుకొని, జూన్ 8న విశాఖపట్నం చేరింది. అదే యాత్రా మార్గంలో ఉన్న పుదుచ్చేరిలో మాత్రం అప్పుడు అనుమతి దొరకలేదు. ఓడలో కాసినో ఉన్నదన్న అభ్యంతరంపై అక్కడ పెద్ద చర్చే జరిగింది. యానాం పాఠకులకు అది గుర్తుండే ఉంటుంది. తరువాత 2025 జూలైలో ఆ ఓడ పుదుచ్చేరి తీరానికి వచ్చింది. ఈలోగా విశాఖ రేవులో సుమారు 96 కోట్ల రూపాయల వ్యయంతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరు 4న ప్రారంభమైనది.

ఈ ఓడ వేసవి ముగిసే వేళకు ముంబయి వదలి చెన్నై రావడానికి కారణం ఋతుపవనాలే. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి గాలుల వలన అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. బంగాళాఖాతంలో పెద్ద భయం అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల తుఫానులు. తీరవాసులకు ఇది ఒకరు చెప్పవలసినది కాదు గానీ, బళ్ళారి వైపు వారో షోలాపూరు వారో సెలవులను బట్టి దీపావళికి తూర్పు సముద్ర యాత్ర పెట్టుకుంటే ఈ విషయం ఆలోచించుకోవాలి. వాతావరణం బాగాలేకపోతే మార్గం మార్చుటకు, రేవు వదలివేయుటకు ఓడ అధిపతికి పూర్తి అధికారమున్నది. టిక్కెట్టు షరతులలో అది రాసే ఉంటుంది. చూడదలచుకున్న ఊరు తప్పిపోయినా టిక్కెట్టు సొమ్ము మొత్తం తిరిగి రాదు.

మెచ్చేవారు, మెచ్చనివారు

ఓడ యాత్రను మెచ్చుకునేవారు చెప్పే మొదటి మాట సామాను గురించి. కాశీ, రామేశ్వరం యాత్రలలో వలె ప్రతి ఊరిలో పెట్టెలు దించి ఎక్కించే పని లేదు. ఒకసారి గదిలో సర్దుకుంటే యాత్ర పూర్తయ్యేవరకు ఆ గదే. మోకాళ్ళ నొప్పులున్న వారికి లిఫ్టు ఉంటుంది, భోజనం వేళకు సిద్ధంగా ఉంటుంది, మనుమలు ఎక్కడికీ పోరు. తెల్లవారుజామున పై అంతస్తులో నిలబడి నాలుగు దిక్కులా నీరు తప్ప మరేమీ కనబడని సముద్రాన్ని చూడడం, మెట్ట ప్రాంతంలో పుట్టి పెరిగిన మనిషికి ఒక జన్మానుభవమే.

మెచ్చనివారి మాటలోనూ సత్యమున్నది. హోరెత్తే సంగీతం, మద్యం, జూదం ఉన్నచోటికి పెద్దలను తీసుకుపోవడమేమిటని వారి ప్రశ్న. ఇవన్నీ ఓడలో విడివిడి భాగాలలో ఉంటాయి. అటు వెళ్ళకుండా యాత్ర ముగించడం కష్టమేమీ కాదు. అసలు ఇబ్బంది మరొకటి. నాటకాలు, ఆటలు, ప్రకటనలు దాదాపు అన్నీ ఇంగ్లీషు, హిందీలలో సాగుతాయి. ఆ భాషలు రాని తల్లిదండ్రులను ఇద్దరినే పంపితే, రెండవ రోజుకే గదికి పరిమితమవుతారు. కనుక మొదటిసారి వెళ్ళే పెద్దలతో ఇంటివారొకరు తోడుండడం, యాత్ర రెండు మూడు రాత్రులకు మించకుండా చూసుకోవడం మంచిది. ఐదు రాత్రుల యాత్ర కానుకగా ఇచ్చి ఒంటరిగా పంపడం కంటె ఇదే మేలు.

ప్రకటనలోని ధర, చేతిలోంచి పోయే ధర

ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించే మొత్తం, ఒక గదిలో ఇద్దరు ఉన్నప్పుడు ఒక్కొక్కరికి పడే ధర. అది కూడా కిటికీ లేని లోపలి గదికి. ఒక్కరే వెళితే గది మొత్తానికి, అంటే దాదాపు ఇద్దరి సొమ్ము చెల్లించవలసి రావచ్చు. అదే గదిలో మూడవ, నాలుగవ వ్యక్తికి ధర తక్కువే గానీ, వారి పడక రైలు బెర్తు వలె గోడలో నుండి దించేది. నిచ్చెన ఎక్కాలి. అరవై ఏళ్ళవారికి అది పనికిరాదు.

దీనికి రేవు రుసుము, జీఎస్టీ, సేవా రుసుము కలుస్తాయి. భోజనశాలలో సాధారణ భోజనం టిక్కెట్టులో భాగమే. శీతల పానీయాలు, మద్యం, ప్రత్యేక హోటళ్ళలో తినుబండారాలు, ఇంటర్నెట్టు, బట్టల ఉతుకు, ఫొటోలు వేరు. రేవులో దిగి ఊరు చూపించే బస్సు యాత్రకు కూడా వేరే డబ్బే. ఓడలో నగదు చెల్లదు. ఎక్కగానే ఒక కార్డు ఇస్తారు, ఏది కొన్నా ఆ కార్డు మీద ఖాతా రాసుకుంటారు. పిల్లల చేతికి ఆ కార్డు ఇచ్చి తిరగనిస్తే చివరి రోజున వచ్చే బిల్లు చూసి గుండె జారుతుంది. ప్రతి రాత్రి ఖాతా ఎంతైనదో కౌంటరులో అడిగి తెలుసుకొనుట ఉత్తమం.

ఉదాహరణకు తలకు 20,000 రూపాయలన్న ప్రకటన చూసి దంపతులకు 40,000 సరిపోతుందనుకోరాదు. పన్నులు, ఊరు చూసే ఖర్చు, ఇంటి నుండి రేవుకు రాకపోకలు, ముందురోజు బస కలిపి 60,000 దగ్గర పెట్టుకొని బయలుదేరితే మనసుకు నెమ్మది. అంత వీలుకాకపోతే యాత్ర మరుసటి ఏడాదికి వాయిదా వేసుకోవచ్చు. పంట సొమ్ము మీద ఆధారపడిన ఇంట అప్పు చేసి విహారం చేయడం తగదు.

సెల్‌ఫోను సంగతి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. తీరం దాటాక మామూలు సిగ్నలు పోతుంది. కొన్ని ఓడలలో ఉపగ్రహం ద్వారా పనిచేసే నెట్‌వర్కు ఉంటుంది. రోమింగు తెరిచి ఉంటే ఫోను దానికి తనంతట తానే తగులుకుంటుంది, నిమిషం లెక్కన భారీగా వసూలవుతుంది. రేవు వదలగానే ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. ఇంటి దగ్గరివారికి కూడా "రెండు రోజులు ఫోను కలవదు, కంగారు పడవద్దు" అని ముందే చెప్పి రావాలి.

డబ్బు చెల్లించేటప్పుడు ఏజెంటు సొంత ఖాతాకు పంపకుండా, సంస్థ పేరిట ఉన్న ఖాతాకే పంపి రసీదు, బుకింగ్ నంబరు తీసుకోవాలి. ఆ నంబరు నిజమైనదో కాదో ఓడ సంస్థకే ఫోను చేసి అడగవచ్చు. విదేశీ యాత్రా ప్యాకేజీలపై ఆదాయపు పన్ను చట్టం కింద కొంత మొత్తం ముందుగానే వసూలు చేస్తారు. అది పోయిన డబ్బు కాదు. రిటర్ను దాఖలు చేసినప్పుడు పన్నులో సర్దుబాటు అవుతుంది, ఎక్కువైతే తిరిగి వస్తుంది. ఏ పాన్ నంబరు మీద వసూలైనదో చూసుకోవాలి.

ఇంటిపేరు చిక్కు

సరిహద్దు కుటుంబాలకు అన్నిటికంటె ఎక్కువ తలనొప్పి తెచ్చేది పేరు. ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనుక రాయడం తెలుగువారి పద్ధతి. తమిళనాడు బడిలో చదివినవారికి తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియలు. కర్ణాటకలో ఇనీషియలు పేరు చివర చేరుతుంది. ఒరిస్సా కాగితాలలో "రావు" ఇంటిపేరుగా మారిపోయినవారూ ఉన్నారు. ఒకే ఇంట తండ్రికి ఒక విధంగా, కొడుకుకు మరొక విధంగా, ఆధార్‌లో ఒకటి, పదవ తరగతి సర్టిఫికెట్టులో మరొకటి.

భారత రేవుల మధ్యనే తిరిగే యాత్రకు ఆధార్ వంటి గుర్తింపు పత్రం చాలు. అయితే టిక్కెట్టు మీది ఇంగ్లీషు స్పెల్లింగు ఆ పత్రం మీద ఉన్నట్లే ఉండాలి. పిల్లలకు కూడా గుర్తింపు పత్రం అసలుది వెంట ఉండాలి. టిక్కెట్టు తీసే అబ్బాయికి నోటిమాటగా పేర్లు చెప్పకుండా కార్డుల నకళ్ళు ఇవ్వడం సరైన పని.

విదేశీ రేవులకు వెళితే పాస్‌పోర్టు తప్పదు. తిరిగి వచ్చే నాటికి కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండేలా చూసుకోవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా, పేరు ఒకే పదంగా ఉన్నవారు జాగ్రత్త పడవలెను. 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఒకే పదం పేరున్న సందర్శకులకు ప్రవేశం నిరాకరించే నియమం తెచ్చింది. పాస్‌పోర్టు చివరి పుటలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే అంగీకరిస్తామని తరువాత సడలించారు. దుబాయి నుండి శీతకాలంలో ఎన్నో విహార నౌకలు బయలుదేరుతాయి గనుక ఇది మనవారికి తగిలే చిక్కే. పేరు సరిచేయించుకోవడానికి నెలలు పట్టవచ్చు. టిక్కెట్టు కొన్నాక మొదలు పెట్టే పని కాదది.

సింగపూరు నుండి బయలుదేరి మలేషియా, థాయ్‌లాండ్ రేవులు చూసి మళ్ళీ సింగపూరు చేరే యాత్రలు మనవారిలో ప్రచారం పొందాయి. ఇందులో సింగపూరులోకి రెండుసార్లు ప్రవేశించినట్లు లెక్క. కనుక ఒకసారి ప్రవేశానికే చెల్లే వీసా సరిపోదు. ఓడ ఆగే ప్రతి దేశపు నియమమూ వేరువేరుగా విచారించాలి. ఓడ దిగనని చెప్పినా కొన్నిచోట్ల వీసా అడుగుతారు. ఈ నిబంధనలు ఏడాదికొక తీరుగా మారుతున్నవి. పోయిన సంవత్సరం వెళ్ళివచ్చిన బంధువు మాట ప్రమాణం కాదు.

గది, ఆరోగ్యం

ఊయల ఊగినప్పుడు చివరలు ఎక్కువగా, మధ్య తక్కువగా కదిలినట్లే ఓడ కూడా. కింది అంతస్తులలో, పొడవునకు నడిమధ్యన ఉన్న గదిలో కుదుపు తక్కువ. ముందు కొనన, పై అంతస్తున గది ఖరీదైనదైనా కడుపులో తిప్పే స్వభావమున్న వారికి అది శిక్షే. పడవ వాంతులకు మందు ఓడ కదలక ముందే వేసుకుంటేనే పనిచేస్తుంది, వాంతి మొదలయ్యాక కాదు. ఇటువంటి మాత్రలు నిద్రమత్తు తెస్తాయి. నీటికాసులు, ప్రొస్టేట్ సమస్య ఉన్నవారికి కొన్ని పడవు. బయలుదేరే ముందే తమ డాక్టరును అడిగి తీసుకోవాలి. గాలి తగిలేచోట కూర్చొని దూరాన ఆకాశము నీరు కలిసే గీతను చూస్తుండడం, కడుపు ఖాళీగా ఉంచకుండా కొంచెం కొంచెంగా తినడం చాలామందికి ఉపశమనమిస్తుంది.

బీపీ, షుగరు మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలు రేవులో తీసుకొని కొన్ని గంటల తరువాత గదికి చేరుస్తారు. ఇన్సులిను ఆ పెట్టెలో ఉండిపోతే ఆ పూట గడవదు. ఓడలో డాక్టరు ఉంటాడు గానీ ఫీజు ఎక్కువ, ఆపరేషను అవసరమైతే తీరం చేరవలసిందే. యాత్రా బీమా తీసుకునేటప్పుడు సముద్రం మీద వైద్యం, తీరానికి తరలింపు అందులో ఉన్నవో లేవో చదవాలి. గర్భిణులను చాలా సంస్థలు 24వ వారం దాటితే ఎక్కించుకోవు.

గదులలో మరుగుదొడ్డి కుర్చీ పద్ధతిదే. స్నానాల గది ఇరుకు, గడప ఎత్తు. అలవాటు లేని పెద్దలు తట్టుకుని పడే చోటు ఇదే. మొదటి పూటే లోపలికి తీసుకువెళ్ళి చూపించాలి.

మూసి ఉన్న చోట వేలమంది కలిసి తినడం వలన విరేచనాలు, వాంతులు తెచ్చే నోరోవైరస్ ఓడలలో అప్పుడప్పుడు వ్యాపిస్తుంది. దీనికి చేతులకు రాసుకునే శానిటైజరు అంతగా పనిచేయదు. సబ్బుతో కడుక్కోవడమే మార్గం. 2020 ఫిబ్రవరిలో జపాను రేవులో నిలిపివేసిన 'డైమండ్ ప్రిన్సెస్' నౌకలో ఉన్న 3,711 మందిలో 712 మందికి కోవిడ్ సోకిన ఉదంతం తెలిసినదే. ఆ ఓడలో సిబ్బందిగా ఉన్న భారతీయులు వందమందికి పైనే. జలుబు, జ్వరం ఉన్న పిల్లవాడిని "టిక్కెట్టు డబ్బు పోతుంది" అని మాత్ర వేసి ఎక్కించడం ఇంటివారికీ, ఇతరులకూ కీడు.

లైఫ్ జాకెట్టు వేసుకోవడానికే

2012 జనవరి 13 రాత్రి ఇటలీలోని జీల్యో ద్వీపం దగ్గర 'కోస్టా కాంకార్డియా' నౌక రాతికి తగిలి ఒరిగిపోయినప్పుడు అందులో 4,200 మందికి పైగా ఉన్నారు. 32 మంది మరణించారు. ఆ సాయంత్రమే ఎక్కినవారికి అప్పటికి ప్రమాద కసరత్తు జరగలేదు. 24 గంటలలోపు జరిపితే చాలన్నది నాటి నియమం. ఆ ఘటన తరువాత నియమం మారింది. ఓడ కదలక ముందే, లేదా కదిలిన వెంటనే ఈ కసరత్తు జరపాలి. కనుక సామాను సర్దుకుంటూనో ఫలహారాల దగ్గరనో ఉండిపోక అందరూ హాజరు కావాలి. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వరుసగా వినబడితే అది ప్రమాద సంకేతం. గది తలుపు వెనుక రాసి ఉన్న చోటికి చేరుకోవాలి, లిఫ్టు ఎక్కరాదు. ఆ కూతల సంగతి పిల్లలకూ, ఇంగ్లీషు రాని పెద్దలకూ తెలుగులో మరొకసారి చెప్పి, గది నుండి ఆ చోటికి వారిని ఒకసారి నడిపించి తీసుకురావాలి. పిల్లల కొలతకు సరిపోయే జాకెట్టు గదిలో లేకపోతే వెంటనే అడగాలి.

నిజానికి మన కుటుంబాలు పెద్ద ఓడ కంటె గోదావరి లాంచీలే ఎక్కువగా ఎక్కుతాయి. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన పర్యాటక బోటు కచ్చులూరు వద్ద మునిగినప్పుడు అందులో ఉన్న 77 మందిలో 26 మంది మాత్రమే బయటపడ్డారు. గోదావరి అప్పుడు వరదలో ఉన్నది. జాకెట్టును ఉక్కగా ఉందని విప్పి కింద వేసుకు కూర్చోవడం, ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు చేరడం ఇప్పటికీ కనబడుతున్నవే. వరద నీరు ఎర్రగా పారుతున్న రోజున బోటువాడు రమ్మన్నా ఎక్కకపోవడమే వివేకం. ఆ ఒక్కరోజు టిక్కెట్టు డబ్బు పోతే పోయింది.

రేవుకు చేరే రోజు

ఓడ ఎవరి కోసమూ ఆగదు. ఎక్కే ద్వారం ఓడ కదిలే సమయానికి చాలా ముందే మూసివేస్తారు. హోసూరు నుండి చెన్నైకి, షోలాపూరు నుండి ముంబయికి, బరంపురం నుండి విశాఖకు రాత్రి రైలో బస్సో పట్టుకొని ఆ ఉదయమే చేరాలనుకోవడం ప్రమాదం. ఒకరోజు ముందే చేరి బస చేయడం మేలు. మధ్యలో ఊరు చూడడానికి దిగినప్పుడు, తిరిగి ఎక్కవలసిన సమయం కాగితం మీద రాసుకొని దగ్గర ఉంచుకోవాలి. రేవు లోతు చాలని చోట ఓడ సముద్రంలోనే నిలుస్తుంది. చిన్న పడవలలోకి దిగి ఒడ్డుకు చేరాలి. అలలలో ఊగే పడవలోకి కాలు పెట్టడం కష్టమనిపిస్తే, పెద్దలు ఆ పూట ఓడలోనే ఉండిపోవచ్చు. ఇంట్లో వండిన పదార్థాలు, ఇస్త్రీ పెట్టె, విద్యుత్ కెటిలు సాధారణంగా అనుమతించరు. శాకాహారం దొరుకుతుంది. ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం కావలసినవారు టిక్కెట్టు తీసేటప్పుడే రాయించాలి.

ఇంత ఆర్భాటం వద్దు, సముద్రం చూస్తే చాలుననుకునేవారికి చెన్నై, విశాఖపట్నాల నుండి అండమాన్‌కు వెళ్ళే ప్రయాణికుల ఓడలున్నవి. అవి విహార నౌకలు కావు. ఆటపాటలుండవు, భోజనం సాదా, ప్రయాణం రెండున్నర మూడు రోజులు. బంకు తరగతి మొదలు డీలక్సు గది వరకు ఉంటాయి, ఛార్జీ విహార నౌకతో పోలిస్తే బాగా తక్కువ. విశాఖ నుండి ఓడలు తక్కువ, తేదీలు కొద్దిరోజుల ముందే ప్రకటిస్తారు. కనుక తిరుగు ప్రయాణానికి విమానం టిక్కెట్టు ముందే కొనేటప్పుడు మధ్యన రెండు మూడు రోజులు ఖాళీ ఉంచుకోవాలి. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నవి. రేవు దిగిన తరువాత దారి అడగడానికి భాష కొరత ఉండదు.